చిక్కుడుకాయ తినని పిల్ల

సర్వశక్తిగల దేవునికి స్తోత్రం. నేలలో పడిన గింజను మొలిపించి, తీగ పాకించి, కాయ కాయించి, ఆ కాయను నోట పెట్టుకునే ముందు తనను తలచుకొమ్మని మనిషికి నేర్పిన తండ్రికి స్తోత్రం. కొత్తగూడెంలో బొగ్గుబావి కార్మికుల క్వార్టర్లలో పుట్టిన నన్ను సండేస్కూలు చాప మీద కూర్చోబెట్టి వాక్యం నేర్పించినవాడు, చదువు చెప్పించి భద్రాచలం అడవి అంచున ఉన్న పిల్లల దగ్గరికి పంపినవాడు ఆయనే. ఇది రాయించే కోపం కూడా ఆయన ఇచ్చిందే అనుకుంటున్నాను. అందుకే చల్లార్చుకోకుండా రాస్తున్నాను.

నేను స్కూల్ కౌన్సెలర్‌గా పనిచేసి రిటైర్ అయ్యాను. గిరిజన పిల్లలు హాస్టల్లో ఉండి చదువుకునే కొన్ని బడులకు నన్ను వేశారు. ఒక్కో రోజు ఒక్కో బడికి బస్సులోనో ఆటోలోనో పోయేదాన్ని. ఈ పనిలోకి కొత్తగా వస్తున్నవాళ్ళు అప్పుడప్పుడు ఫోన్ చేసి, ఏ పరీక్ష పెట్టాలి, ఏ పద్ధతి వాడాలి అని అడుగుతుంటారు. అవి మీ పుస్తకాల్లో ఉన్నాయి. అక్కడ లేనిది రాస్తాను.

మిక్సీ బాగుచేసే కొట్టు

కౌన్సెలింగ్ గది అని బోర్డు ఉంటుంది. లోపల బియ్యం బస్తాలు ఉంటాయి. చాలా బడుల్లో స్టోర్ రూమే నా గది. బస్తాల మధ్య రెండు కుర్చీలు వేసుకుని కూర్చునేదాన్ని. టీచర్లు పిల్లను రెక్క పట్టుకొని తెచ్చి, "మేడం, దీన్ని జర చూడుండ్రి, సాయంత్రానికల్లా సెట్ కావాలె" అని చెప్పి వెళ్ళిపోయేవాళ్ళు. మిక్సీ బాగుచేసే కొట్టులో జార్ ఇచ్చిపోయినట్టు.

ఒక బడిలో పెద్ద తరగతుల ఆడపిల్లలు చాలామంది తలనొప్పి అంటున్నారని, పాఠం మీద ధ్యాస లేదని నా దగ్గరికి పంపారు. శ్రద్ధ పెంచే మాటలు నాలుగు చెప్పమన్నారు. నేను వాళ్ళను అడిగింది ఒకటే, నీళ్ళు తాగుతున్నారా అని. తాగడం లేదు. ఎందుకంటే బాత్రూం తలుపుకు లోపల గడియ లేదు. పోవలసి వస్తుందని పొద్దున్నుంచి గొంతు తడుపుకోవడం మానేశారు. ఈ పిల్లలకు కావలసింది కౌన్సెలింగ్ కాదు, గడియ అని నేను చెప్పాను. మళ్ళీ వెళ్ళినప్పుడు చెప్పాను. ఆ తర్వాతా చెప్పాను. మనసు బాగుచేయడానికి నన్ను జీతమిచ్చి పెట్టుకున్న బడి గడియ పెట్టించడానికి నెలలు తీసుకుంది.

ఇది గుర్తుంచుకోండి. పిల్ల లోపల వెతకమని మీకు అప్పగిస్తారు. ముందు పిల్ల చుట్టూ చూడండి.

స్వామి, జోగి

నేను ఎక్కువగా చెప్పదలచుకున్నది జోగి గురించి.

ఆ బడి హెడ్మాస్టరు వైరా దిక్కు రైతు కుటుంబం నుంచి వచ్చినవాడు. చెడ్డవాడని చెప్పను. ఆదివారం కూడా బడిలోనే ఉండేవాడు, పిల్లలందరి పేర్లు తెలిసినవాడు. కానీ పదో తరగతి రిజల్టు అనే మాట దగ్గర ఆయనకు ఇంకేదీ కనపడేది కాదు. అందరూ పాస్ కావాలి, ఒక్కరు కూడా తప్పకూడదు.

అది చలికాలం. ఆయన అయ్యప్ప మాలలో ఉన్నాడు. నల్లబట్టలు, చెప్పుల్లేని కాళ్ళు, తెల్లారకముందే చన్నీళ్ళ స్నానం. హాస్టల్ వంటగదిలో ఒక మూల కడిగి, ఆయన కోసం వేరే పొయ్యి, వేరే గిన్నెలు పెట్టారు. ఉల్లిగడ్డ, ఎల్లిగడ్డ తగలని వంట. టీచర్లు, పిల్లలు అందరూ ఆయనను స్వామి అని పిలిచేవాళ్ళు. నాకు ఆ దీక్ష మీద గౌరవమే. దేవుని కోసం నోరు కట్టుకోవడం ఎంత కష్టమో ఉపవాసం చేసేవాళ్ళకు తెలుసు. నేను చెప్పేదల్లా, ఎందుకు తినవు అని ఆయనను ఆ బడిలో ఎవరూ అడగలేదని.

జోగి పదో తరగతి. వాగు దాటి లోపలికి పోతే, రాష్ట్రం అంచున ఉన్న కోయ గూడెం పిల్ల. వాళ్ళ నాన్న ఆ ఊరికి పూజారి. లెక్కల్లో ఎంత చురుకంటే, సారు బోర్డు మీద సగం వేసేసరికి ఈమె జవాబు రాసి పెన్ను కింద పెట్టేది. ఆ పిల్ల చలి మొదలైనప్పటి నుంచి కూర తినడం మానేసింది.

చలికాలం హాస్టల్ కూర అంటే చిక్కుడుకాయ. అగ్గువకు దొరుకుతుంది కాబట్టి కాంట్రాక్టరు అదే పంపుతాడు. కూరలో చిక్కుడు, సాంబారులో చిక్కుడు, ఒక్కోనాడు పప్పులో కూడా చిక్కుడు. జోగి అవన్నీ పక్కకు నెట్టి తెల్ల అన్నంలో ఉప్పు, పచ్చిమిరపకాయ నంజుకొని లేచేది. చిక్కిపోయింది. ఒక పొద్దున ప్రార్థనలో నిలబడి ఉండగానే కళ్ళు తిరిగి పడిపోయింది. ఆ తర్వాత కొన్నాళ్ళకు మాట్లాడడం కూడా మానేసింది.

అప్పుడు నన్ను పిలిచారు. హెడ్మాస్టరు తలుపు దగ్గరికి వేసి చెప్పాడు. పిల్లకు మెంటల్‌గా ఏదో ఉంది, తండ్రికి కబురు పెట్టాం, సోమవారం వస్తాడు, మీరు కూడా అదే మాట అంటే ఇంటికి పంపించేద్దాం.

"పరీక్షల ముందర ఇట్లాంటి కేసు మనకెందుకు మేడం" అన్నాడు. "పిల్ల ఆరోగ్యం గూడ చూడాలి గదా."

ఆరోగ్యం గూడ. ఆ గూడ అన్న మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది.

పదో తరగతి మధ్యలో ఇంటికి పోయిన ఆడపిల్ల అక్కడ ఏమవుతుందో ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. మిరపచేలల్లో కాయ ఏరే కూలీల ఆటో ఎక్కుతుంది. తిరిగి బడికి రాదు. ఆ పిల్ల చదువంతా ఇప్పుడు నా నోటి నుంచి వచ్చే ఒక్క మాట మీద ఉంది.

శుక్రవారం

ఆ రోజు శుక్రవారం. జోగిని స్టోర్ రూములో కూర్చోబెట్టడం ఇష్టంలేక, పిల్లలు బట్టలుతికే బండల దగ్గరికి తీసుకుపోయాను. చెరొక బండ మీద కూర్చున్నాం. నేను ఏమీ అడగలేదు. అడిగినవాళ్ళు అప్పటికే చాలామంది ఉన్నారు.

అన్నం బెల్లు కొట్టారు. నేను లేవలేదు. జోగి నా వైపు చూసింది. ఈ రోజు నేను తినను, శుక్రవారం మా సంఘంలో ఉపవాస ప్రార్థన ఉంటుంది, సాయంత్రం ప్రార్థన అయ్యాకే ఏదైనా తింటాను అని చెప్పాను.

ఆ పిల్ల మాట్లాడడం మరిచిపోయిన గొంతుతో అడిగింది.

"తినకుంటే మిమ్మల్ని ఎవలు ఏమనరా మేడం?"

నా సర్వీసులో పిల్లలు నన్ను చాలా అడిగారు. ఇంతగా గుచ్చుకున్న ప్రశ్న ఇంకొకటి లేదు. ఎవరూ ఏమీ అనరని చెప్పాను. అప్పుడు ఏడుపు వచ్చింది ఆ పిల్లకు. ఏడుస్తూనే చెప్పింది.

వాళ్ళ ఊళ్ళో కొత్త పంట ఏదైనా ముందు వేల్పుకు పెట్టి, ఊరంతా కలిసి పండుగ చేసుకున్నాకే తింటారు. చిక్కుడుకాయకు ఆ పండుగ ఉంది, మామిడికాయకు ఉంది, కొత్త బియ్యానికి ఉంది. పండుగ కాకముందు తీగకు కాయలు వేలాడుతున్నా తెంపరు. ఒక్కో ఊరు ఒక్కోరోజు పెట్టుకుంటుంది. హాస్టల్లో మిగతా కోయ పిల్లల ఊళ్ళలో అయిపోయింది. జోగి ఊళ్ళో ఒక పెద్దమనిషి చనిపోయాడు, అందుకని పండుగ వెనక్కు పోయింది. పైగా ఈమె పూజారి బిడ్డ. ఊరందరి తరఫున కొత్త పంటను వేల్పుకు పెట్టే చేతులు వాళ్ళ నాన్నవి. ఆయన ఇంటి పిల్ల అందరికంటే ముందే తింటే?

"మరి ఎవరికీ చెప్పలేదా?"

చెప్పింది. వార్డెనుకు మొదటి రోజే చెప్పింది. "చిక్కుడుకాయకు గూడ పండుగేందే" అని ఆవిడ నవ్వింది. పక్కనున్న పిల్లలు నవ్వారు. ఆ పూట నుంచి జోగి పేరు చిక్కుడు అయింది. పొరుగూరి కోయ పిల్లలు కూడా అట్లాగే పిలిచారట, తమను కూడా ఎక్కడ నవ్వుతారోనని.

తర్వాత, ప్రార్థనలో పడిపోయిన రోజు మధ్యాహ్నం, వార్డెను, ఒక టీచరు కలిసి అందరి ముందు ఆ పిల్లను పట్టుకున్నారు. ఒకరు చేతులు పట్టుకుంటే ఒకరు కూర ముద్ద నోట్లో పెట్టి మూశారు. కొంత మింగింది, మిగతాది కక్కింది. అదే వారంలో ఇంటి దగ్గర నాయనమ్మకు జ్వరం అని కబురొచ్చింది.

"నేను తిన్నందుకే మేడం" అంది జోగి. "మా నాయినకు తెలిస్తే ఎట్ల?"

ఈ పిల్ల మౌనానికి వాళ్ళు పెట్టిన పేరు మెంటల్. నాకు కళ్ళల్లో నీళ్ళు రాలేదు. ఒళ్ళు మండింది. బలవంతంగా తినిపించిన సంగతి హెడ్మాస్టరు నాకు చెప్పలేదు, వార్డెను చెప్పలేదు. పిల్ల తినదని, మాట్లాడదని చెప్పారు గానీ, ఈ రెండింటి మధ్య తాము చేసిన పనిని మాత్రం వదిలేశారు. మీ దగ్గరికి వచ్చే ప్రతి కేసులోనూ ఇట్లా వదిలేసిన ముక్క ఒకటి ఉంటుంది. పెద్దవాళ్ళు చెప్పిన కథలో పెద్దవాళ్ళు ఏమీ చేయనట్టు ఉంటే నమ్మకండి.

జోగి చెప్పింది నాకు కొత్తగా అనిపించలేదు. మా క్వార్టర్ పెరట్లో మునగచెట్టు ఉండేది. మొదటి కాయలు దించినప్పుడు మా అమ్మ మమ్మల్ని ముట్టుకోనిచ్చేది కాదు. మందిరంలో కోత పండుగ నాడు ప్రథమ ఫలం దేవుని ముందు పెట్టాకే ఇంట్లో మునగకాయ చారు. చారు వాసన కోసం ప్రాణం లాగుతున్నా ఆగేవాళ్ళం. మమ్మల్ని ఎవరూ మెంటల్ అనలేదు. భక్తిగల పిల్లలు అన్నారు.

అయ్యగారితో మాట

ఇక్కడ నా సొంతవాళ్ళను కూడా వదలను. ఆదివారం ఆరాధన అయ్యాక, పేరు చెప్పకుండా, అన్నం తినక మాట మానేసిన ఒక కోయ పిల్ల కోసం ప్రార్థన చేయమని మా పాస్టరు అయ్యగారిని అడిగాను. పండుగ సంగతి కూడా చెప్పాను. ఆయన వెంటనే, అది అపవిత్రాత్మ పని, పిల్లను మందిరానికి తీసుకురండి, సంఘమంతా చేతులుంచి వెళ్ళగొడదాం అన్నారు.

"ఆ పిల్లలో దయ్యం లేదయ్యగారూ, భక్తి ఉంది. మనది కాదు, అంతే."

ఆయన ముఖం మాడిపోయింది. ఆ తర్వాత చాలాకాలం ఆరాధనలో వాక్యం చదివే వంతు నాకు రాలేదు. రాకపోయినా సరే. ఒక పిల్లను ఇద్దరు పట్టుకొని అన్నం కుక్కితే ఆ గతి పట్టింది. ఇప్పుడు సంఘమంతా పట్టుకోవాలా?

విశ్వాసం ఉన్న కౌన్సెలర్లకు ఇది ప్రత్యేకంగా చెబుతున్నాను. మీ దేవుణ్ణి మీ కోపంలో, మీ ఓపికలో పెట్టుకొని బడికి వెళ్ళండి. పిల్ల తల మీద పెట్టడానికి తీసుకుపోకండి.

సోమవారం

జోగి తండ్రి తన బావమరిది బండి మీద వచ్చాడు. సన్నటి మనిషి, భుజాన తువ్వాలు. హెడ్మాస్టరు గదిలో తలుపు పక్కన నిలబడ్డాడు. ఎదురుగా మూడు ఖాళీ కుర్చీలున్నాయి. ఎవరూ కూర్చోమనలేదు. నేను ఒక కుర్చీ ఆయన దగ్గరికి జరిపితే, పర్వాలేదమ్మా అని నిలబడే ఉన్నాడు.

హెడ్మాస్టరు చెప్పవలసింది చెప్పాడు. బిడ్డకు మనసు బాగాలేదు, ఖమ్మం తీసుకుపోయి పెద్ద డాక్టరుకు చూపించు, తగ్గినంక వచ్చే ఏడు చూద్దాం అన్నాడు. తండ్రి తల ఊపుతున్నాడు. అట్లా తల ఊపి పిల్లను బండి ఎక్కించుకొని పోయిన తండ్రులను నేను ఎంతమందిని చూశానో. బడి అనే మాట ముందు వాళ్ళు ఏమీ అనరు.

అప్పుడు నేను జోగిని లోపలికి పిలిచి, ఆ పిల్ల అనుమతితోనే, జరిగింది జరిగినట్టు చెప్పాను. ఈమెకు జబ్బు లేదు, జబ్బు ఉందని నేను అనను అన్నాను. పండుగ అయ్యేదాకా చిక్కుడు కలవని పప్పో, గుడ్డో ఈమెకు విడిగా పెడితే చాలు, పండుగ నాడు ఒక రోజు సెలవు ఇస్తే చాలు.

హెడ్మాస్టరు కుర్చీలో వెనక్కు వాలాడు. "ఒక్కరికి వేరే వండిస్తే రేపు అందరూ అడుగుతారు మేడం. హాస్టలు నడిచేదెట్లా?"

"స్వామీ, మీకు వేరే పొయ్యి మీద వండుతున్నారు. హాస్టలు నడుస్తనే ఉంది గదా?"

వార్డెను నేల చూపులు చూసింది.

"రెండూ ఒకటేనా మేడం?" అన్నాడాయన మెల్లగా.

"కాదు స్వామీ. మీ దీక్ష మీరు కోరి తీసుకున్నారు, అందరూ దండం పెడుతున్నారు. ఈ పిల్ల తన నియమం ఒక్కతే పట్టుకున్నది, అందరూ నవ్విండ్రు. మీ నోట్లో ఎవరన్నా ఉల్లిగడ్డ కుక్కితే, మీరు ఈ రోజు నాతో మాట్లాడుదురా?"

ఆయన చేత్తో మెడలోని మాల పట్టుకున్నాడు.

ఇంతలో తండ్రి బిడ్డ వైపు తిరిగి కోయ భాషలో ఏదో అడిగాడు. జోగి తల దించుకొని జవాబు చెప్పింది. ఆయన ఇంకొకటి అడిగాడు. ఆ పిల్ల వెక్కుతూ చెప్పింది. అప్పుడు ఆయన, మాకందరికీ వినపడాలనే కావచ్చు, తెలుగులో అన్నాడు.

"నువ్వు తినలే బిడ్డా. నీకు తినిపిచ్చిండ్రు. అది పెట్టినోళ్ళ మీదికి వోతది, నీ మీదికి రాదు. వేల్పు ముంగట నేను జెప్పుకుంట. ముసల్దానికి సలికి జరమొచ్చింది, నీతోని గాదు. లేసి కూసున్నది, గంజి తాగుతాంది."

జోగి తండ్రి తువ్వాలలో ముఖం పెట్టి ఏడ్చింది. నేను ఎన్ని శుక్రవారాలు ఆ బండల మీద కూర్చున్నా ఆ మాట చెప్పలేకపోయేదాన్ని. చెప్పినా చెల్లేది కాదు. నీ తప్పు లేదు అని చెప్పే అధికారం ఆ పిల్ల లోకంలో ఎవరికి ఉందో వాళ్ళే చెప్పాలి. వాళ్ళను వెతికి, గదిలోకి తెచ్చి, నోరు మూసుకొని కూర్చోవడం కూడా మన పనే.

హెడ్మాస్టరు చివరికి, పిల్లను ఉండనీయండి అన్నాడు. వంటగదికి కబురు పంపాడు. అంతే. క్షమించమని ఆయన అనలేదు. వార్డెను బయటికి వచ్చాక నాతో, మేము దాని మంచికే చేసినం మేడం అంది. మంచికే అన్న మాట కింద బడుల్లో ఎన్ని చేతులు ఎన్ని నోళ్ళు మూశాయో ఎవరైనా రాస్తే చదవాలని ఉంది. ఆవిడ మీద ఏ చర్యా లేదు. నేను రాసి పంపాను, అడిగాను, మళ్ళీ అడిగాను. పిల్ల బాగానే ఉంది కదా అన్నారు పైవాళ్ళు. అవును, బాగానే ఉంది. వాళ్ళ వల్ల కాదు.

ఆకులో కాయలు

ఊళ్ళో పండుగ అయ్యాక జోగి తిరిగి వచ్చింది. ముఖం తేటపడింది. చేతిలో మోదుగాకుల పొట్లం ఉంది, నా కోసం తెచ్చింది. అందుకోబోయి ఆగాను. మా సంఘంలో వేరే దేవుళ్ళకు పెట్టిన తిండి తినం. చిన్నప్పటి నుంచి అదే బోధ, అదే నా నమ్మకం. ఇంత జరిగాక ఈ పిల్ల చేతిలోది కాదని ఎట్లా అనాలి?

జోగి నా ముఖం చదివినట్టే నవ్వింది.

"మొక్కిన కూర గాదు మేడం. మా సిన్నాయినోళ్ళు గూడ మందిరానికి వోతరు, మా పండుగది తినరు. మా నాయినకు ఎరుకే. పండుగ అయినంక మల్ల తీగకు తెంపిండు. పచ్చియి. మీరు మీ దేవునికి జెప్పుకొని వండుకోవాల్నట."

విప్పి చూస్తే లేత చిక్కుడుకాయలు, మంచు తడి కూడా ఆరలేదు.

నేను చదువుకున్నవాళ్ళ మధ్య పనిచేశాను. దీక్షలో ఉన్న హెడ్మాస్టరు, డిగ్రీ ఉన్న వార్డెను, వాక్యం తెలిసిన పాస్టరు. నువ్వు ఏమి తినవు, ఎందుకు తినవు అని ఆ పిల్లను అడిగి, ఆ జవాబుకు తగ్గట్టు ఒక పని చేసినవాళ్ళు వాళ్ళలో లేరు. నేను ఏమి తిననో ఆలోచించి, అందుకు తగ్గట్టు తీగ దగ్గరికి మళ్ళీ నడిచినవాడు, ఆ గదిలో కూర్చోమనిపించుకోని మనిషి.

ఆ సాయంత్రం ఆ కాయలు ఈనె తీసి వండుకున్నాను. కళ్ళు మూసుకొని స్తోత్రం చెప్పి తిన్నాను. జోగి పరీక్షలు రాసింది, పాసయింది, లెక్కలు చదువుతోంది. హెడ్మాస్టరు రిజల్టు బోర్డులో ఆ పిల్ల కూడా ఒకతె.

ఇది చదివినవాళ్ళు ఏ పేరుతో దేవుణ్ణి పిలిచేవాళ్ళయినా, నాతో కలిసి ఒక్క నిమిషం తల వంచండి. తండ్రీ, పిల్లల కంచాల ముందు నిలబడే మాకు, చెయ్యి లేవకముందే చెవి తెరువు. వాళ్ళు నీకోసం దాచుకున్న ఆకలిని జబ్బని పిలవకుండా మా నాలుకను పట్టుకో. నోరు మూసిన చేతులకు సిగ్గు పుట్టించు, మా సంఘం చేతులతో సహా. గడియ లేని ప్రతి తలుపుకు గడియ పెట్టించే కోపం, ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్ళందరికీ ఇయ్యి, అది తొందరగా చల్లారనీయకు. నిలబడి ఉన్న ఆ తండ్రికి కుర్చీ వేయించు.

నాతోపాటు ఆమేన్ అనండి.